నాలుగు నిమిషాల ఇంగ్లీషు

పీణ్య,
బెంగళూరు, 18 జూలై 2025

కాత్యాయని తల్లికి,

మీ మామ మునిరాజు రాస్తున్నాడు. నువ్వు కులాసాగా ఉన్నావని మీ అమ్మ చెప్పింది. మీ హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి కాగితం పట్టుకున్నాను. ఎన్నేళ్లయిందో ఉత్తరం రాసి! అక్షరాలు లేత్ మెషీన్ కింద రాలే ఇనుప పొట్టులా చుట్టలు చుట్టుకుపోతున్నాయి. నవ్వకు.

విషయం ఏమంటే, మా వర్క్‌షాపు పెట్టి ఈ ఆగస్టుకు ఇరవై అయిదేళ్లు. పదిహేనో తారీఖు జెండా ఎగరేసిన తరవాత చిన్న సభ పెడుతున్నారు. మా దగ్గర సరుకు కొనే జర్మనీ కంపెనీవాళ్లు నలుగురు వస్తారట. నిన్న మా ఓనరు పద్మనాభం సార్ నా మెషీన్ దగ్గరికే వచ్చారు. "మునిరాజా, మొదట్నించి ఉండేవాడివి నువ్వొక్కడివే. దేశం గురించి, మన షాపు గురించి నాలుగు నిమిషాలు నువ్వే మాట్లాడాల. వాళ్లకు తెలిసేట్లు ఇంగ్లీషులో మాట్లాడప్పా" అన్నారు.

"నాకు ఇంగ్లీషు యాడొస్తాది సార్?" అన్నాను.

"మీ అక్క కూతురు ఇంగ్లీషు మీడియమే కదప్పా. రాయించుకో" అని వెళ్లిపోయారు.

కుప్పంలో పదో క్లాసు తెలుగులో చదివినవాణ్ణి. నాకు తెలిసిన ఇంగ్లీషంతా మెషీన్ మీద రాసి ఉండేదే. అందుకని నువ్వే రాసి పంపాలి. పుస్తకంలోది వద్దు, అది పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. ఇప్పుడు మనుషులు రోజూ మాట్లాడుకునే ఇంగ్లీషు కావాలి. తెలుగు అక్షరాల్లో రాస్తే నోరు తిప్పుకుంటాను.

ఇక్కడ నాలుగు రోజులుగా వాన. మా వీధి గుంతల్లో రోజుకో స్కూటరు పడుతోంది. మీ అత్త నీకు కొబ్బరి బిళ్లలు చేసి పెట్టింది, మీ అమ్మ చేతికి ఇచ్చి పంపుతాను.

మీ మామ,
మునిరాజు

కాడుగోడి,
బెంగళూరు, 24 జూలై 2025

మామకు,

నీ కవరు వచ్చినప్పుడు భోజనాల దగ్గర ఉన్నాను. మా వార్డెన్ మార్త మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఉత్తరాలు రాసే మామ ఉన్నాడా నీకు!" అని ఇచ్చారు. కాస్త గర్వంగా అనిపించింది.

నువ్వే కాదు, నేనూ స్టేజీ ఎక్కుతున్నాను. మా స్కూల్లో పదిహేనో తారీఖు దేశభక్తి మీద ఇంగ్లీషు స్పీచుల పోటీ. తొమ్మిదో క్లాసు తరఫున మా క్లాసు టీచరు అశోక్‌కుమార్ సార్ నా పేరు రాశారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక స్పీచ్ ప్రింటు తీసి ఇచ్చారు, బట్టీ పట్టమని.

పుస్తకం ఇంగ్లీషు వద్దన్నావే, అది నిజం మామా. నేను దానితోనే దెబ్బ తిన్నాను. జూన్‌లో కొత్తగా చేరినప్పుడు మంచినీళ్ల కోసం "మే ఐ ప్లీజ్ హావ్ సమ్ వాటర్?" అన్నాను. బల్ల దగ్గర ఉన్నవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. వారం రోజులు నా పేరు న్యూస్ రీడర్. అప్పటి నుంచి వాళ్లు మాట్లాడే మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. పక్క మంచం జెస్సీ అర్థాలు చెబుతుంది. ఎనభై మూడు మాటలయ్యాయి. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

నీ స్పీచ్ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. జెస్సీ చూసి సూపర్ అంది. కొన్ని మాటలు నీకు కొత్తగా ఉంటాయి. "అవర్ ఫ్లాగ్ ఈజ్ లిట్" అంటే మన జెండా అదిరిపోయింది అని. "అవర్ ఫ్రీడమ్ ఫైటర్స్ ఏట్ అండ్ లెఫ్ట్ నో క్రంబ్స్" అంటే సమరయోధులు అనుకున్నది వంక పెట్టడానికి లేకుండా సాధించారని. "నో క్యాప్" అంటే ఒట్టు, అబద్ధం కాదు అని. ఇవి చెప్పావంటే ఆ జర్మనీవాళ్లు నిన్ను నిన్నటి మనిషి అనుకోరు.

కొబ్బరి బిళ్లలు మర్చిపోవద్దని అత్తకు చెప్పు.

కాత్యాయని

పీణ్య,
1 ఆగస్టు 2025

కాత్యాయని తల్లికి,

స్పీచ్ అందింది. రోజూ స్నానాల గదిలో చదువుతున్నాను. మీ అత్త తలుపు తట్టి, "లోపల ఎవురున్నారు, ఎవురితో మాట్లాడతా ఉండావు?" అంటుంది.

ఒక్క అనుమానం. ఏట్ అంటే తిన్నారని కదా? క్రంబ్స్ అంటే రొట్టె తుంపులని మా పక్కింటి అబ్బాయి చెప్పాడు. ఆ మహానుభావులు జైళ్లలో అన్నం మానేసి కూర్చున్నవాళ్లు కదమ్మా. వాళ్లు తిన్నారంటే బాగుంటుందా? చదువుకున్నదానివి, నీకు తెలిసే రాసి ఉంటావు. అయినా అడిగాను.

ఇంకో సంగతి. నాకు చెప్పాలని ఉన్న మాట ఒకటుంది. పని చేస్తూ ఎన్నోసార్లు అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. లేత్ మీద నేను తిప్పిన ఇనుప ముక్క చివరికి ఎక్కడ బిగిస్తారో నాకు తెలియదు. ఏ రైతు బోరు మోటారులోనో, ఏ రైలు పెట్టె కిందనో, ఏ ఆసుపత్రి మంచానికో. ఆ మనిషి నన్ను చూడడు, నేను అతన్ని చూడను. కానీ అతని బరువు దాని మీద పడుతుంది. అది తలుచుకుని, ఎవరూ కొలిచి చూడని చోట కూడా కొలత తప్పకుండా తిప్పుతాను. దేశం అనగానే నాకు ఆ కనబడని మనిషే గుర్తొస్తాడు. ఇది ఇంగ్లీషులో పెట్టడానికి వీలవుతుందా?

పదో తారీఖు రెండో ఆదివారం, మీ హాస్టల్లో ఇంటివాళ్లను రానిచ్చే రోజు కదా, మీ అమ్మతో నేనూ వస్తాను. నీ ముందు ఒకసారి చదివితే తప్పులు దిద్దుతావు.

మీ మామ

కాడుగోడి,
5 ఆగస్టు 2025

మామకు,

ఏట్ గురించి భయపడకు. ఇప్పుడు ఎవరైనా పని బాగా చేస్తే అట్లాగే అంటారు. మొన్న జెస్సీ పాట పాడితే క్లాసంతా అదే మాట అరిచింది. మాటకు మాట అర్థం చూస్తే ఏదీ మిగలదు. ఒక్క అక్షరం మార్చకు.

నీ ముక్క సంగతి బాగానే ఉంది కానీ స్పీచ్‌లో పెట్టేది కాదు. స్పీచ్ అంటే హిమాలయాలు, గంగానది, వీరుల త్యాగాలు రావాలి. బోరు మోటారు, ఆసుపత్రి మంచం అంటే ఎవరూ చప్పట్లు కొట్టరు. ఇంగ్లీషులో అసలు బాగుండదు.

పదో తారీఖు నువ్వు రానక్కర్లేదులే. పని వదులుకుని ఎందుకు? ఇక్కడ ఇంటివాళ్లు వస్తే పిల్లలందరూ క్రింజ్ అంటారు. నువ్వు వచ్చి స్పీచ్ చదివావంటే మరీ క్రింజ్. ఉత్తరాల్లోనే నేర్చుకుందాం.

నాది మూడొంతులు బట్టీ వచ్చేసింది.

కాత్యాయని

పీణ్య,
11 ఆగస్టు 2025

కాత్యాయని తల్లికి,

నిన్న మీ అమ్మ నిన్ను చూసి వచ్చి, పిల్ల ఒళ్లు చేసిందని సంబరంగా ఫోను చేసింది. నువ్వు పని చెడగొట్టుకోవద్దన్నావని ఆగిపోయాను. కానీ నీ ఉత్తరంలో ఆ ఒక్క మాట మనసులో ఉండిపోయింది. ఇంటివాళ్లు వస్తే పిల్లలందరూ క్రింజ్ అంటారన్నావు. నేను వస్తే మరీ క్రింజ్ అన్నావు. అంటే మరీ ఇష్టమనే కదా. కొన్నాళ్లు దూరంగా ఉండేసరికి ఇంత ప్రేమ పెరిగిందా అని మురిసిపోయాను. మీ అత్తకు కూడా చదివి వినిపించాను.

ఒక్క అక్షరం మార్చొద్దన్నావు, మార్చలేదు. చివర్లో మాత్రం నా సొంతంగా రెండు లైన్లు కలుపుకున్నాను. "మై ఫ్యామిలీ ఈజ్ క్రింజ్. దిస్ కంపెనీ ఈజ్ క్రింజ్." ఇంగ్లీషులో నేను కట్టిన మొదటి వాక్యాలు ఇవే. తప్పులున్నాయేమో. ఉన్నా ఫరవాలేదు, మనసులోంచి వచ్చినవి.

నీ స్పీచ్ బాగా జరగాలి. భయం వేస్తే ఎదురుగా ఉండే గోడ చూసి మాట్లాడు.

మీ మామ

కాడుగోడి,
18 ఆగస్టు 2025

మామా,

నీ ఉత్తరం ఈ రోజు వచ్చింది. మధ్యలో సెలవులు కదా. చివరి రెండు లైన్లు చెప్పలేదు కదా? మర్చిపోయావు కదా? చెప్పలేదని రాయి.

ఆ మాటకు నువ్వు అనుకున్న అర్థం కాదు. వెంటనే మార్త మేడమ్‌ను బతిమాలి నీకు ఫోను చేయించాను. స్విచ్చాఫ్ అని వచ్చింది. షాపులో ఉన్నావేమో.

నా స్పీచ్ బాగానే అయింది. తరవాత రాస్తాను. ముందు నువ్వు జవాబు రాయి.

కాత్యాయని

పీణ్య,
21 ఆగస్టు 2025

కాత్యాయని తల్లికి,

చెప్పాను తల్లీ. అన్నీ చెప్పాను.

కోపంతో రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తెల్ల చొక్కా వేసుకుని వెళ్లాను. మొదటి నిమిషం బాగానే నడిచింది. జర్మనీవాళ్లలో ఒకావిడ నవ్వింది, మంచి నవ్వేననుకుని గొంతు పెంచాను. జెండా వైపు చెయ్యి చూపించి "అవర్ ఫ్లాగ్ ఈజ్ లిట్" అన్నాను. మా సూపర్వైజరు అమరనాథ్ కుర్చీలోంచి లేచాడు. ఆయన ఎప్పుడో ఇంగ్లీషు బాగా చదువుకున్నవాడు. ఆయనకు తెలిసిన లిట్ అంటే నిప్పంటించారని. నాకు ఆపాలని తోచలేదు, తరవాతి లైను కూడా చెప్పేశాను.

"ఏమప్పా వీడు! జెండా అంటుకున్నాదంటాడు, స్వాతంత్ర్యం తెచ్చినోళ్లు దేశాన్ని తుంపు మిగలకుండా తినేసినారంటాడు! ఎవురు నేర్పించినారు రా నీకు?" అని మైకు లాక్కున్నాడు. "స్టేషన్లో కంప్లైంట్ ఇస్తా" అన్నాడు. నేను గట్టిగా ముగిస్తే అన్నీ సర్దుకుంటాయనుకుని, మైకు లేకుండానే చివరి రెండు లైన్లు చెప్పాను. పద్మనాభం సార్ అతిథుల ముందు తల ఎత్తలేకపోయారు. "నువ్వు ఇంటికి పో మునిరాజా. పిలిచినప్పుడు వద్దువు" అన్నారు. ఎవరు రాశారని అడిగితే, మా పిల్ల బాగానే రాసింది, నేనే అక్కడక్కడా మార్చానని చెప్పాను.

గేటు దాకా ఓనరు కొడుకు ఓంకార్ వచ్చాడు. కాలేజీ పిల్లవాడు. "లిట్ కరెక్టే అంకుల్, వాళ్లకు తెలీదు. కానీ క్రింజ్ ఎందుకన్నారు?" అన్నాడు. అర్థం చెప్పమన్నాను. చెప్పలేక చెప్పలేక, "ఎదుటివాళ్లను చూసి మనకు ఒళ్లు ముడుచుకుపోయేంత సిగ్గేస్తే అంటారు అంకుల్. యాడ విన్నారు?" అన్నాడు. బస్సులో విన్నానన్నాను.

ఇంటికి వచ్చి నీ అయిదో తారీఖు ఉత్తరం ఇంకోసారి చదివాను. ఈసారి సరిగా అర్థమయింది. బాధ పడలేదంటే అబద్ధం.

పదహారు నుంచి ఇంట్లోనే ఉన్నాను. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఫోను ఆపేశాను. మీ అమ్మకు ఏమీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. బాగా చదువుకో.

మీ మామ

కాడుగోడి,
25 ఆగస్టు 2025

మామా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

మొదటిది. నా స్పీచ్ గురించి అబద్ధం చెప్పాను, అది సరిచేస్తాను. అశోక్‌కుమార్ సార్ ఇచ్చిన స్పీచే మిగతా క్లాసుల టీచర్లకూ ఇంటర్నెట్‌లో దొరికిందట. నాకంటే ముందు ముగ్గురు అదే చెప్పారు. నేను నాలుగోదాన్ని. "రెస్పెక్టెడ్ ప్రిన్సిపాల్" అనగానే హాలు మొత్తం తరవాతి వాక్యం నాకంటే ముందే చెప్పి నవ్వింది. నీ సలహా అందకముందే నేనూ గోడనే చూశాను మామా, అయినా ఒక్క మాట రాలేదు. దిగిపోయాను. హిమాలయాలు, గంగానది అని నీకు చెప్పాను కదా. నా దగ్గర అవి తప్ప ఇంకేమీ లేవు. నీ దగ్గర ఉంది. దాన్ని నేను వద్దన్నాను.

రెండోది. పిల్లలందరూ అంటారని రాశాను. పిల్లలు కాదు, అన్నది నేనే. జూన్‌లో నన్ను దింపడానికి వచ్చినప్పుడు నువ్వు నా పెట్టె మోసుకుంటూ మెట్లెక్కుతున్నావు. నీ చేతులకు ఆయిల్ మరకలున్నాయి. ఒక అమ్మాయి అది చూసి ఏదో అంది, పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు చూడలేదు.

మూడోది. మీ పద్మనాభం సార్‌కు ఉత్తరం రాశాను. మార్త మేడమ్‌కు అన్నీ చెప్పి, అడ్రసు కనుక్కుని, ఆమె చేతే స్పీడ్‌పోస్టు చేయించాను. ఆ మాటలు నావని, నువ్వేమీ మార్చలేదని, ఏ మాటకు ఏ అర్థమో రాశాను. చివరి రెండు లైన్లకు కూడా కారణం నేనేనని, ఎట్లాగో కూడా రాశాను. నువ్వు దేశం గురించి నాకు రాసినది అట్లాగే తెలుగులో ఎత్తి రాసి, మా మామ చెప్పాలనుకున్నది ఇదీ అన్నాను. నిన్ను అడగకుండా చేశాను. తిట్టు.

సెప్టెంబరు పద్నాలుగు రెండో ఆదివారం. అమ్మతో కాదు, నువ్వు రా.

కాత్యాయని

పీణ్య,
3 సెప్టెంబరు 2025

కాత్యాయని తల్లికి,

సోమవారం పద్మనాభం సార్ పిలిపించారు. టీ వేళ, అందరూ ఉన్నారు. నీ ఉత్తరం ఆయన చేతిలో ఉంది. "ఈ బోరు మోటారు, ఆసుపత్రి మంచం, ఇది నీ మాటేనా?" అన్నారు.

"నాదే సార్."

"ఇంత మాట పెట్టుకోని అదంతా ఎందుకు చదివినావప్పా?"

"ఇంగ్లీషులో బాగుండదనుకుంటిమి సార్" అన్నాను.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "ఇప్పుడు తెలుగులోనే చెప్పు. మనవాళ్లన్నా విననీ" అన్నారు. ఏప్రన్ కూడా లేదు, ఇంటి చొక్కాతో నిలబడి చెప్పాను. నాలుగు నిమిషాలు కాదు, రెండు కూడా పట్టి ఉండదు. ఓంకార్ దాన్ని ఇంగ్లీషు చేసి జర్మనీవాళ్లకు పంపిస్తానన్నాడు. అమరనాథ్ మర్నాడు నా మెషీన్ దగ్గరికి వచ్చి, అప్పుడే తిప్పిన ముక్క చేతిలోకి తీసుకుని కొలిచి చూసి, "నాకు పాత ఇంగ్లీషే వచ్చేది మునిరాజా. మనసులో పెట్టుకోవద్దప్పా" అని వెళ్లాడు. కంప్లైంట్ ఏమీ ఇవ్వలేదట. పనిలో చేరాను.

ఇక నువ్వు రాసినదాని గురించి. జూన్‌లో నువ్వు నవ్వింది నేను చూశాను. మెట్ల దగ్గర కిటికీ అద్దంలో కనబడింది. పెట్టె బరువుగా ఉందని తల దించుకున్నాను, అంతే. నీ వయసులో నేనూ తక్కువ చేయలేదు. మా నాయన పొలం బురద కాళ్లతో కుప్పం బడికి వస్తే, ఎవరు వచ్చారురా అని అడిగిన పిల్లలకు మా పాలేరని చెప్పాను. ఆయన పక్కనే ఉన్నాడు. విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఆయన పోయేదాకా ఆ మాట ఎత్తలేకపోయాను. నువ్వు మూడు నెలలు తిరక్కుండానే చెప్పేశావు.

పద్నాలుగున వీలు చూసుకుని వస్తాను.

మీ మామ

కాడుగోడి,
15 సెప్టెంబరు 2025

మామా,

నిన్న వచ్చావు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు చక్కిలాల డబ్బా ఇచ్చి వెళ్లిపోయావు. లోపలికి రమ్మంటే, "పిల్లకు ఇబ్బంది ఎందుకప్పా, ఇది ఇచ్చెయ్యి చాలు" అన్నావట. ఆయన ఆ మాట చెప్పేసరికి నేను జెస్సీతో, ఇంకో ఇద్దరితో మెట్ల మీద నీకోసమే కూర్చుని ఉన్నాను.

అడగకుండానే గేటు దాటాను. బస్‌స్టాప్ దాకా పరుగెత్తాను. జెస్సీవాళ్లు వెనకే వచ్చారు. అక్కడ నువ్వు లేవు. రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పిలిచాను. అప్పుడే వెళ్లిన బస్సులో ఉన్నావేమోనని దాని వెనక కూడా కొంచెం దూరం పోయాను. గేటు దాటినందుకు మార్త మేడమ్ రెండు రోజులు తోటపని శిక్ష వేశారు. వేసి, తనే వచ్చి నాతో కలుపు తీశారు.

నాకు ఇబ్బందని నీకు ఎవరు చెప్పారు? నేనే చెప్పాను కదా. ఇప్పుడు కాదని కూడా నేనే చెబుతున్నాను.

దసరా సెలవులకు వస్తున్నాను. ఆయుధ పూజ నాడు ఇళ్లవాళ్లందరూ మీ షాపుకు వస్తారని అమ్మ చెప్పింది. నేనూ వస్తాను. మీ గేటు దగ్గర నిలబడి మునిరాజు మేనకోడల్ని అంటాను. లోపలికి పిలుస్తావో, డబ్బా పుచ్చుకుని అట్లే పంపించేస్తావో నీ ఇష్టం.

కాత్యాయని

పీణ్య,
20 సెప్టెంబరు 2025

కాత్యాయని తల్లికి,

నేను ఆ బస్సు ఎక్కలేదు. స్టాప్ ఎదురుగా టీ అంగడి ఉంది చూడు, దాని వెనక ఉన్నాను. నువ్వు పరుగెత్తుకు రావడం చూశాను. నీ వెనక నీ స్నేహితులు రావడం చూశాను. రోడ్డంతా తిరిగి చూసేలా "మామా, మామా" అని పిలవడం విన్నాను. టీ అంగడాయన, "ఎవుర్నప్పా ఆ పాప అట్లా పిలస్తా ఉండాది?" అని అడిగాడు. నన్నే అని సైగ చేసి, తడిసిన మొహం అటు తిప్పుకున్నాను.

రాకూడదని కాదు తల్లీ. ఆ మొహంతో నీ ముందుకు రాలేక ఆగాను. కళ్లు తుడుచుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి నువ్వు వెళ్లిపోయావు. ఆయుధ పూజ నాడు మా గేటు దగ్గర నేనే నిలబడి ఉంటాను.

మీ మామ,
మునిరాజు